ముడివిడుపు పండక్కి ఓబులమ్మ

కార్తీక శుద్ధ ద్వాదశి

పోటు మామూలుగా ఉంది. గాలి ఈశాన్యం నుంచి మెల్లగా వీస్తోంది. ఇంతవరకు ఆఫీసు చిట్టాలోనూ రాశాను. ఇక్కణ్ణించి రాసేదానితో ఆఫీసుకి పనిలేదు, ఇది నా సొంతం. నా పేరు నూకరత్నం. కొత్త కోరంగిలో పోటు కాపరిని. సముద్రం ఎప్పుడు ఎక్కుతుందో ఎప్పుడు దిగుతుందో చూసి బూర ఊదడం నా ఉద్యోగం.

ఓబులమ్మ రేపు వస్తోంది. పొద్దుటి నుంచి ఈ ఒక్క మాటే తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటున్నాను. ఉప్పు డబ్బాలో పంచదార పోశాను. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అంటారే, అలా ఉంది నా వరస.

ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే తీగ మీద మాట్లాడుకుంటున్నాం గానీ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆమెది ఎర్రదిన్నె, అనంతపురం దాటాక ఎక్కడో రాళ్ళ మధ్య. అక్కడ బావి కాపరి. మా సముద్రం మీద మబ్బు పుట్టి పడమటికి కదిలితే నేను ఆమెకి చెప్పాలి, ఆమె ఊళ్ళో తొట్ల మూతలు తీయించాలి. ఉద్యోగం మాటలు రెండుంటే మా మాటలు ఇరవై ఉంటాయి. ఆమెకి ఏ మోకాలు నొప్పో నాకు తెలుసు. నా పక్కింటి భూషణం గారు సన్నాయిలో ఎక్కడ తప్పుతారో ఆమెకి తెలుసు, తీగలో రోజూ వినపడుతుంది కనక.

ఈ వేసవిలో ఎర్రదిన్నె బావి ఎండిపోయింది. ఊరు ఖాళీ అవుతోంది. ఓబులమ్మకి రెండు చోట్ల నుంచి పని ఇస్తామని కబురొచ్చింది. ఒకటి బండమీదపల్లిలో, పేరుకు తగ్గట్టే అది బండ మీద ఊరు. రెండోది మా కొత్త కోరంగిలో, వాననీటి తొట్ల దగ్గర. పండగ మర్నాడు తిరుగుబండి ఎక్కేలోపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి.

"వస్తా గానీ ఒక మాట," అంది తీగ మీద. "ఉండిపొమ్మని మాత్రం నువ్వు అనొద్దు మే. అన్నావంటే నేను కాదనలేను. తర్వాత ఏడ్చుకుంటా బతకల్ల."

అననని సముద్రం మీద ఒట్టేశాను. మా ఊళ్ళో ఎవరూ ఆ ఒట్టు తప్పరు, ఆ సముద్రం మీదే పడుకోవాలి కదా. కాబట్టి నేను నోటితో చెప్పలేనిది ఊరి చేత చెప్పించాలి. కాజాల కొట్టు, మునిగిన బస్టాండు, చివరికి ముడివిడుపు పండగ. ఇవన్నీ చూశాక కూడా బండెక్కి కూర్చునే మనిషి ఉంటుందని నేను అనుకోను.

త్రయోదశి

పోటు కొంచెం పెరిగింది. ఓబులమ్మ వచ్చింది.

గాలిబండి దీపస్తంభం దగ్గర దించుతుంది. మా ఊళ్ళో కదలనిది ఆ పాత దీపస్తంభం ఒక్కటే, మిగతా ఊరంతా తెప్పల మీద ఉంటుంది. ఓబులమ్మ నేను అనుకున్నదానికంటే పొడుగు. చేతులు తెడ్లంత ఉన్నాయి. గొంతు మాత్రం నా ఓబులమ్మదే. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని ఏం మాట్లాడాలో తెలియక కాసేపు నవ్వాం. కళ్ళు మూసుకుంటే గాని మాటలు రాలేదు, అలవాటు లేక.

మా తెప్ప మీద కాలు పెట్టగానే ఆగిపోయింది.

"ఇది కదుల్తాంది మే."

"ఇల్లన్నాక కదలదేంటే," అన్నాను.

"మా ఊర్లో ఇల్లు కదిలితే అందరం బయటికి పరిగెత్తుతాం."

రెండడుగులు వేసింది. మూడో అడుగుకి ముఖం పాలిపోయింది. పరుగున వెళ్ళి అంచు మీద నుంచి వంగింది, అటువైపు సముద్రం ఉందనుకుని. అటువైపు భూషణం గారి కరివేపాకు మొక్క ఉంది. ఆయన సన్నాయి నోట్లోంచి తీసి చూశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"పర్లేదండీ, మొక్కకి బలం," అన్నారు. ఆయన నాతో ఏడాదిలో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఇద్దరి తెప్పలకీ మధ్య ఒకే తాడు, ఆయన సన్నాయి పూర్తిగా నా చెవుల్లో. ఆయన అరవై దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టారు. రోజూ ఒకటే ముక్క, రోజూ ఒకేచోట తప్పు. పండగ ఎప్పుడొస్తుందా, ఈ తాడు ఎప్పుడు విప్పుతానా అని నేను ఏడాదిగా కాచుకు కూర్చున్నాను.

నిమ్మకాయ మజ్జిగ తాగించాక ఓబులమ్మ కుదుటపడింది. సాయంత్రం కాజాలకని పడవలో బయల్దేరాం. మా ఊరి గొట్టం కాజా కొరికితే పాకం మోచేతి దాకా కారాలి, దాని సంగతి ఏళ్ళుగా ఊరిస్తున్నాను. కొట్టు ఉండాల్సిన చోటికి వెళితే అక్కడ మంగలి షాపు ఉంది.

"నిన్నటిదాకా ఇక్కడే ఉందే," అన్నాను.

పండగ దగ్గరపడేసరికి జనం ఆగలేక ముందే ముళ్ళు సడలించుకుంటారు. కొట్లు అటూ ఇటూ జారిపోతాయి. మంగలాయన కత్తెరతో తూర్పు చూపించాడు. తూర్పున పూల కొట్టు ఉంది. పూలావిడ దక్షిణం చూపించింది. దక్షిణాన ఉన్నది మా ఇల్లే, మేం బయల్దేరినప్పుడు ఉత్తరాన వదిలివెళ్ళాం. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. చుట్టాన్ని ఎక్కించుకుని నా ఇంటి వాకిలి నేనే గుర్తుపట్టలేక, తలుపు కొట్టబోయి ఆగాను.

 ఇంటికి చేరాక ఓబులమ్మ తాడు దగ్గర కూర్చుని చేత్తో తడిమింది. మా తాళ్ళు పేనినవి కావు, సముద్రపు గడ్డిని పెంచి తీసినవి. పచ్చగా, చల్లగా ఉంటాయి, ప్రాణం ఉంటుంది.

"ఇది ముడా మే? ఎద్దు ఒకసారి తల ఇదిలిస్తే ఊడిపోతాది."

"వదులుగానే వెయ్యాలి. ఏడాది దాటితే ఈ తాళ్ళు ఒకదాంట్లోకి ఒకటి పెరిగిపోతాయి. రెండు తెప్పలూ ఒకటైపోతే తుపానుకి విరిగిపోతాం. అందుకే ఏటా కార్తీక పున్నమికి ఊరంతా ఒకేసారి విప్పుకుంటాం. పోటు ఎటు తోస్తే అటు పోతాం. నీళ్ళు నిలిచాక పక్కన ఎవరుంటే వాళ్ళే ఆ ఏడు మన ఇరుగుపొరుగు."

"నచ్చకుంటే?"

"ఏడాది ఓర్చుకోవాలి. ఓర్చుకున్నాను కదా," అని భూషణం గారి వైపు కళ్ళతో చూపించాను.

నవ్వింది. తరవాత తన బావితాడు ముడి సంగతి చెప్పింది. తడిసేకొద్దీ బిగుస్తుందట, ఏనుగు లాగినా రాదట. "కానీ దానికి ఒక తోక వదుల్తాం. తోక పట్టి ఒక్క గుంజు గుంజితే పసిబిడ్డకైనా వచ్చేస్తాది. బావి కాడ పనిచేసేవోళ్ళకి తప్ప ఆ తోక సంగతి ఎవురికీ తెలీదు."

పడుకునే ముందు మంచం కోడుని గట్టిగా పట్టుకుంది. "నాకి నిలబడిన తావ నిలబడి ఉండేది కావల్ల రత్నం," అంది.  బండమీదపల్లి కదలదు.

చతుర్దశి

పోటు బాగా పెరిగింది. రేపటి పున్నమికి ఈ ఏడు గట్టిపోటే.

పొద్దున్న అడుగున అద్దాలున్న పడవలో మునిగిన బస్టాండు చూపించాను. ఒకప్పటి ఊరు కింద ఉంది, నీళ్ళు తేటగా ఉంటే ప్లాట్‌ఫారాలు, బెంచీలు, టీ కొట్టు గోడ కనిపిస్తాయి. పండగ రోజుల్లో అక్కడ ఒక వేడుక ఉంది. జనం పడవలు సరిగ్గా ప్లాట్‌ఫారాల పైన ఆపి, సంచులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తారు. పిలవడానికి ఒక కండక్టరు కూడా ఉంటాడు, వంతులవారీగా.

"యానాం, యానాం, ద్రాక్షారం వెళ్ళేవాళ్ళు రండమ్మా," అని అరిచాడు ఇవాళ్టాయన.

"సీట్లున్నాయా బాబూ?" అని పక్క పడవలో ముసలావిడ అడిగింది.

"నించోవాలండీ. ఆయ్, లోపలికి సర్దుకోండి."

ఒక పెద్ద చేపల గుంపు అప్పుడే మూడో ప్లాట్‌ఫారం మీదకి వచ్చి ఆగింది. అందరూ లేచి దిగబోతున్నట్టు తోసుకున్నారు. ఓబులమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. సంచి ఒళ్ళో పెట్టుకుని తనూ కూర్చుంది. "అనంతపురానికి ఎన్ని గంటలకు ఉండాది?" అని అడిగింది. కండక్టరు తడుముకోకుండా, "అది ఎండకి కరిగిపోయి ఆగిపోయిందండీ, రేపొత్తాది," అన్నాడు. జనం ఘొల్లుమన్నారు.

ఆమె నవ్వు సగంలో ఆగింది. అద్దంలోంచి కిందకి చాలాసేపు చూసింది.

"మీ ఊరు మునిగినా వచ్చి చూసుకుంటాండారు. పిలుచుకుంటాండారు. మాది ఎండిపోతే చూసేకి ఏముంటాది మే? గాలికి దుమ్ము లేస్తాది, అంతే."

ఉండిపోవే, ఇక్కడే ఉండిపో, నీ ఊరి బస్సుని కూడా రోజూ మేమే పిలుస్తాం అని నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కొరుక్కున్నాను, నిజంగానే రక్తం వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేను వెయ్యగలిగిన ఒట్లన్నిట్లోకీ ఇదే దరిద్రపు ఒట్టు.

తిరిగొస్తుంటే కాజాల కొట్టు కనిపించింది. మాకు ఎదురుగా, దానంతట అది, దర్జాగా తేలుకుంటూ పోతోంది. కొట్టాయన పొయ్యి ముందు కూర్చుని పాకం కలుపుతున్నాడు.

"ఆపవయ్యా, రెండు కాజాలియ్యి," అని కేకేశాను.

"ఆపడం నా చేతుల్లో లేదమ్మా. రేపు రండి," అన్నాడు.

"రేపు ఎక్కడుంటావు?"

"నాకు తెలిత్తే మీకు చెప్పనా?"

వాసన మాత్రం మా ముక్కుల దాకా వచ్చి వెళ్ళిపోయింది. ఓబులమ్మ మళ్ళీ నవ్వింది, నాకు అదే చాలు అనుకున్నాను.

మధ్యాహ్నం నాకు కొలతల పని ఉంది. ఆమెని ఇంట్లో వదిలి, కంగారు పడకు, గాలికి తెప్ప కొంచెం ఊగుతుంది అని చెప్పి వెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి హాయిగా నిద్రపోతోంది. మంచం కోడు పట్టుకోలేదు. అలవాటు పడుతోందని పొంగిపోయాను. ఇల్లలకగానే పండగ కాదని నాకు గుర్తు రాలేదు.

పున్నమి, పండగ

పోటు నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడనంత ఎత్తు. ఇంకా నవ్వుతూనే రాస్తున్నాను.

పొద్దున్నే అందరం తలంట్లు పోసుకుని కొత్తబట్టలు కట్టుకుని ఎవరి ముడి దగ్గర వాళ్ళు నిలబడ్డాం. నీళ్ళు నిండుగా ఎక్కగానే నేను బూర ఊదాను. ఊరంతా ఒక్కసారిగా "వదిలాం" అంది. ఆ మాట వింటే పుట్టిపెరిగినవాళ్ళకి కూడా ఒళ్ళు జలదరిస్తుంది. వీధులు విడిపోయాయి. ఇళ్ళు తిరిగాయి. తులసికోటలు, కోళ్ళ గూళ్ళు, ఆరేసిన చీరలు, అన్నీ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. వాకిళ్ళలో నిలబడి జనం పళ్ళేలు పైకెత్తి, "మాది పులిహోర, మా పక్కకి రండి", "మాది బొబ్బట్లు, అటెక్కడికి పోతున్నారు" అని ఒకరినొకరు పిలుచుకుంటున్నారు.

మేం మాత్రం కదల్లేదు.

నేను ఇటు నుంచి లాగుతున్నాను, భూషణం గారు అటు నుంచి లాగుతున్నారు. ముడి రాయిలా ఉంది.

"ఏటండీ నూకరత్నం గారూ, నన్ను వదలడం ఇట్టం లేదా?"

"మీ సన్నాయిని వదలకపోవడానికి నాకేమన్నా పిచ్చా?"

"నా సన్నాయా? తెల్లారగట్ల మీ బూరకి నా గుండె ఆగిపోతందండీ రోజూ. ఈ రోజు కోసం ఏడాది నుంచీ లెక్కెట్టుకుంటన్నాను."

 నా బూర ఒకరికి బాధ అని నాకెప్పుడూ తోచలేదు. అప్పుడు వెనక నుంచి ఓబులమ్మ గొంతు చిన్నగా వినిపించింది.

"దాన్ని నేనే కట్టినా."

ఇద్దరం వెనక్కి తిరిగాం.

"నిన్న నువ్వు పోయినాక ఇల్లు ఊగింది. ముడి చూస్తే ఊడేకి ఉండాది. నువ్వు వచ్చేలోపల ఇల్లు యాడికన్నా పోతే నేను యాడికని పోవల్ల? అందుకని గట్టిగా కట్టేసినా. ఈ పొద్దు విప్పల్లంటే ఈ ముడిని కూడా విప్పల్లని నాకి తట్టలే మే." కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "మీ పండగ చెడగొట్టినానే."

భూషణం గారు ఏదో అనబోయారు. అప్పుడే పోటు మా రెండు తెప్పల్నీ కలిపి ఎత్తింది. నాది చిన్నది, ఆయనది పెద్దది, మధ్యలో ముడి. జంట తెప్పలు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. దీపస్తంభం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. భూషణం గారి కోడి మా ఇంట్లోకి, మా పీట వాళ్ళింట్లోకి వెళ్ళిపోయాయి. చుట్టుపక్కల తెప్పల వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు. "రంగులరాట్నం వచ్చిందిరోయ్" అని ఎవరో కేకేశారు. నేను ఓబులమ్మ కోసం చూశాను, మళ్ళీ కరివేపాకు మొక్క పాడవుతుందని. ఆమె మధ్యలో, ముడి మీద, రెండు కాళ్ళూ బారజాపి కూర్చుని ఉంది. నవ్వుతోంది. కొప్పు ఊడిపోయింది.

"వాంతి రాలే మే," అని అరిచింది. "ఊరంతా తిరుగుతాంటే నేను నిలబడే ఉన్నట్టుండాది."

తిరిగి తిరిగి వెళ్ళి ఒక తెప్పని గుద్దుకున్నాం. తలెత్తి చూస్తే కాజాల కొట్టు. కొట్టాయన పళ్ళెంతో సహా మా వాకిట్లో వచ్చి పడ్డాడు. మూడు రోజులు వెతికిన కాజా ఓబులమ్మ ఒళ్ళో వచ్చి పడింది. కొరికింది, పాకం మోచేతి దాకా కారింది.

సాయంత్రం పేట పెద్ద మంగాయమ్మ గారు పడవ వేసుకొచ్చి ముడి చూశారు. ఆవిడకి ఎనభై దాటినా చూపు చెడలేదు.

"తాడు కొయ్యకూడదు. కోస్తే రెండు తెప్పలూ కుళ్ళిపోతాయి. వేసిన చేతులే విప్పాలి, ఇంకెవరి చెయ్యీ పనికిరాదు. రేపు పోటు దిగే బూర మోగేలోపు విప్పెయ్యమ్మా. ఆ తరవాత తాడు కొత్త వేళ్ళు తంతుంది, ఏడాది దాకా కదపకూడదు. ముడి వేసినవాళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఊళ్ళోనే ఉండాలి."

"విప్పలేకపోతే?" అన్నారు భూషణం గారు, ప్రాణం ఉగ్గబట్టుకుని.

"మా తాత అలాగే ఉండిపోయాడు," అని మంగాయమ్మ గారు కాజా అందుకున్నారు.

బహుళ పాడ్యమి

పోటు దిగింది. దిగే వేళ వరకు జరిగింది రాస్తాను.

ఓబులమ్మ పొద్దున్నే సంచి సర్దుకుని వాకిట్లో పెట్టింది. బండమీదపల్లి వాళ్ళ కబురు తీగ మీద రెండుసార్లు వచ్చింది. ఏమీ చెప్పకుండా వెళ్ళి ముడి ముందు కూర్చుంది. నేను టీ పెట్టి ఇచ్చాను. ఏమీ అడగలేదు. అడిగితే ఒట్టు తప్పుతానని భయం, అడక్కపోతే వెళ్ళిపోతుందని భయం.

జనం చేరారు. కొబ్బరినూనె రాయమన్నారు ఒకరు, వేడినీళ్ళు పొయ్యమన్నారు ఒకరు. అన్నీ చేసింది. ఒక్కో పోగూ పట్టి లాగింది. మెడ నరాలు పొంగాయి. చెమటలు పట్టాయి. ముడి ఇంకా బిగిసింది, తడిసింది కదా.

తడిస్తే బిగుస్తుంది. ఆ మాట నేనెక్కడ విన్నానా అని ఆలోచించాను. అప్పుడు తోక గుర్తొచ్చింది.

వెతికాను. ముడి కింద నుంచి జానెడు కొస, రెండు చెక్కల సందులో, పచ్చగా, అందరి కళ్ళ ముందే ఉంది. ఓబులమ్మ చేతులు దాని పైనుంచి పోయాయి, పక్కనుంచి పోయాయి. దాన్ని మాత్రం ముట్టుకోలేదు. తలెత్తి నా వైపు చూసింది. ఏళ్ళ తరబడి గొంతుతోనే స్నేహం చేసినదాన్ని, ముఖం చదవడం నాకింకా కొత్త. అయినా ఆ చూపు చదవడానికి చదువు అక్కర్లేదు.

నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే బూర అవసరం లేకుండా ఊరికి వినపడుతుందేమో అనిపించింది.

"ఈ కొస ఏటండీ?" అన్నారు భూషణం గారు, వంగి. "దీన్నెవరూ లాగలేదే. ఓబులమ్మ గారూ, ఇది ఓపాలి లాగి..."

నేను వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

"మోకాళ్ళు లాగుతున్నాయండీ," అన్నాను.

"కూకోడానికి ఇంకెక్కడా చోటు లేదాండీ?"

"ఇక్కడ గాలి బాగుంది."

ఆయన నన్ను చూశారు, ఓబులమ్మని చూశారు. ఏమనుకున్నారో తెలీదు. వెళ్ళి కాజాల కొట్టు గట్టు మీద కూర్చుని ఒక కాజా తీసుకున్నారు.

ఇంక మిగిలింది నా ఉద్యోగం. ఎదురుగా దీపస్తంభం మీద నీటి గుర్తు చూస్తూ కూర్చున్నాను. నీళ్ళు నిలిచాయి. ముందుగా ఊదెయ్యాలని చేతులు దురదపెట్టాయి. ఊదలేదు. ఇన్నేళ్ళలో పోటుకి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. గుర్తు కింద తడి గీత బయటపడేదాకా ఆగాను. అప్పుడు బూర తీసి, భూషణం గారి వైపు నుంచి ముఖం అటు తిప్పుకుని, ఈ ఏడాదికి మొదటిసారి కొంచెం మెల్లగా ఊదాను.

ఊరంతా కొత్త ముళ్ళు వేసుకుని "కట్టాం" అంది. దీపస్తంభం దగ్గర గాలిబండి లేచి, పడమటికి తిరిగి, మమ్మల్ని దాటుకుంటూ పోయింది. ఓబులమ్మ దాన్ని కనుమరుగయ్యేదాకా చూసింది. కళ్ళు తుడుచుకుంది. ఎర్రదిన్నె కోసం ఏడ్చింది, అది నాకు తెలుసు, ఏడవనిచ్చాను. భూషణం గారు సన్నాయి తీసి అదే ముక్క మొదలుపెట్టారు, అదే చోట తప్పారు.

"రాలే మే," అంది ఓబులమ్మ, చేతులు దులుపుకుంటూ, అందరికీ వినపడేటట్టు.

"రాలేదు కదా మరి," అన్నాను నేను.

జనం వెళ్ళిపోయారు. ఆమె నా పక్కకి జరిగి, చెవి దగ్గర వంగింది. తీగ మీద మాట్లాడే గొంతుతో, "ఇంక లెయ్యి మే," అంది. "తోక నలుగుతాది."